చెరువుకు గోడ కాదు, అంచు కావాలి

మత్తడి దూకుతున్న చెరువు ఫొటో ఏటా పేపర్లో పడుతుంది. కింద ‘జలకళ’ అని రాస్తారు. బతుకమ్మను సాగనంపడానికి నీళ్లున్నాయని ఊరు, పంట గట్టెక్కుతుందని ఆయకట్టు రైతు సంతోషిస్తారు. ఆ సంతోషంలో నాకూ వాటా ఉంది. చిన్ననీటి పారుదల శాఖలో తూములూ మత్తడులూ చూసుకుంటూ ఉద్యోగం చేసి రిటైరైన ఇంజినీరును నేను. అయితే అదే చెరువు జనవరిలో మూడడుగులు తగ్గి, శిఖం అంచున బురద తేలినప్పుడు ఎవరూ ఫొటో తీయరు. వేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన పక్షులు దిగేది ఆ బురదలోనే. దాని మీద గోడలూ రాతి తాపడాలూ వాకింగ్ ట్రాకులూ కట్టుకుంటూ పోతే మన నగరం చుట్టూ నీటి తొట్లు మిగులుతాయి గానీ చెరువులు మిగలవు. నేను చెప్పదలచుకున్నది ఇదే.

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం, తొమ్మిదో తరగతి చదువుతున్న మనవరాలిని వెంటబెట్టుకుని హైదరాబాద్ పడమటి వైపు నీళ్లన్నీ తిరిగాను. హిమాయత్‌సాగర్‌తో మొదలుపెట్టి ఉస్మాన్‌సాగర్, అమీన్‌పూర్ మీదుగా సంగారెడ్డి అవతలి మంజీరా అభయారణ్యం దాకా వెళ్లాం. ముందురోజు రాత్రి కాలం కాని కాలంలో వాన పడింది. ఆ ఒక్క పగటిలోనే పొగమంచు, తుంపర, ఎండ, చలిగాలి అన్నీ మా మీదుగా పోయాయి. పక్షుల కోసం తిరిగేవాళ్లు ఆకాశం తేటగా ఉండాలని కోరుకుంటారు. నాకు మాత్రం ఇలాంటి రోజే ఇష్టం. వాతావరణం మారిన ప్రతిసారీ పక్షి తన చోటు మార్చుకుంటుంది. దానికి అలా జరగడానికి చోటుందా లేదా అన్నది అప్పుడే బయటపడుతుంది.

హిమాయత్‌సాగర్ చేరేసరికి కట్ట మీద నిలబడితే పది గజాల అవతల ఏమీ కనిపించడం లేదు. మంచులో బైనాక్యులర్స్ పనికిరావు, చెవులే పనిచేయాలి. ముందు తీతువు అరిచింది. తర్వాత నీళ్ల మీద ఎక్కడి నుంచో సన్నని ఈలలు, ఒకదాని వెంట ఒకటి వినిపించాయి. “తాతా, ఈల వేస్తున్నదెవరు?” అని అడిగింది పిల్ల. ఎర్ర చిలువలు. చెరువుల్లో ఏడాది పొడవునా ఉండే మన బాతులు. వాటి గొంతు వినిపించే దిక్కును బట్టి నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్పొచ్చని చూపించాను. మంచు పలచబడుతుంటే, నీళ్లకన్నా ముందు నీటికీ నేలకూ మధ్య ఉన్న గోధుమరంగు పట్టీ కనబడింది. దాని నిండా చిన్నచిన్న కదలికలు.

ఆ పట్టీ లెక్క ఇంజినీర్లకు బాగా తెలుసు. హిమాయత్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1,763.50 అడుగులు, ఉస్మాన్‌సాగర్‌ది 1,790 అడుగులు. మనం పేపర్లో చదివేవి ఈ అంకెలే. కానీ అడుగు తగ్గితే ఎంత నేల బయటపడుతుందన్నది ఒడ్డు వాలును బట్టి ఉంటుంది. నూరడుగులకు ఒక్క అడుగు వాలున్న చోట నీళ్లు అడుగు తగ్గితే నూరడుగుల వెడల్పున బురద తేలుతుంది. అదే నిట్టనిలువు గోడ దగ్గర అడుగు తగ్గితే గోడ మీద పాకుడు మరక ఒకటి కనిపిస్తుంది, అంతే. రెండు చోట్లా తగ్గిన నీటిమట్టం ఒక్కటే. ఒక చోట వెయ్యి పక్షులకు మేత దొరుకుతుంది, రెండో చోట ఒక్కదానికీ దొరకదు.

పక్షుల కాళ్ల పొడవును బట్టి ఆ పట్టీలో వాటి చోట్లు ఏర్పడి ఉంటాయి. పిచ్చుకంత ఉండే స్టింట్ ఆర్కిటిక్ ప్రాంతంలో గుడ్లు పెట్టి, పిల్లలను లేపి, చలికాలానికి మన దగ్గరికొస్తుంది. దానికి తడిసిన బురద చాలు, గోరు లోతు నీళ్లయితే ఇంకా మంచిది. కొంచెం లోపల ఉల్లంకి పిట్టలు, ఇంకొంచెం లోపల గులాబీ రంగు పొడుగు కాళ్ల స్టిల్టులు. ఆ తర్వాత సూదితోక బాతులు. ఇవి మునగవు. తల కిందికి ముంచి, తోక పైకెత్తి, మెడ అందినంత లోతులోనే మేస్తాయి. వెడల్పాటి ముక్కుతో నీటిని వడగట్టుకునే షవలర్ బాతులదీ దాదాపు అదే లోతు. నుదుట తెల్లని నామం ఉన్న బొల్లికోళ్లు, నీటికాకుల లాంటివి మాత్రమే మునిగి లోతు నీళ్లలో బతకగలవు. అంటే చెరువును ఒడ్డు దాకా లోతుగా తవ్వేస్తే మిగిలేవి అలాంటి కొన్ని జాతులే. మిగతావన్నీ ఆకాశంలో ఒక చుట్టు తిరిగి వెళ్లిపోతాయి.

ఉస్మాన్‌సాగర్ దగ్గరికి వచ్చేసరికి మంచు పోయి తుంపర మొదలైంది. మబ్బు పట్టినప్పుడు పురుగులు కిందికి దిగుతాయి, వాటి వెంట కోవెల పిట్టలూ దిగుతాయి. నీటిని రెక్కలతో తాకుతున్నాయా అన్నట్టు ఎగురుతున్నాయి. గద్దలు చెట్ల మీద రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. బాతులకు వానతో పనిలేదు, మేస్తూనే ఉన్నాయి. రాత్రి వానకు జలాశయం నాలుగు వేళ్ల మేర పెరిగి ఉంటుంది. నిన్నటి బురద ఇవాళ నీళ్ల కింద ఉంది. మరి స్టింట్‌లు ఏమయ్యాయి? నీళ్లు పైకి జరిగిన మేరకు అవీ పైకి జరిగాయి. నిన్న ఎండి, పగుళ్లిచ్చిన నేల ఇవాళ మెత్తబడి వాటికి మేతచేను అయింది. వాలున్న ఒడ్డు చేసే మేలు ఇదే. వాన వచ్చినా ఎండ కాసినా అంచు పైకో కిందికో నడుస్తుందే తప్ప మాయం కాదు.

అక్కడ వల సర్దుకుంటున్న ఒక పెద్దమనిషిని పలకరించాను. గోడ కట్టి పార్కు చేస్తే ఎట్లుంటదని అడిగితే ఆయన చేయి ఒడ్డు వైపు చూపించాడు. “గీ ఒడ్డు నీళ్లల్లనే సారూ చేప గుడ్లు పెట్టేది. పిల్లలు పెరిగేది గా గడ్డిలనే. ఒడ్డు లేకుంటే మాకు చేపలేడికెళ్లి వస్తయి?” నీటి జీవశాస్త్రం పుస్తకాల్లో ఉన్నది కూడా ఇదే. నీళ్లు తగ్గిన నేల మీద గడ్డీ తుంగా మొలుస్తాయి. వానాకాలంలో అవి మునిగి కుళ్లుతాయి. ఆ కుళ్లులో పురుగుల లార్వాలు, నత్తలు, ఎర్రలు పుడతాయి. చేపపిల్లలు వాటిని తిని పెరుగుతాయి. చలికాలంలో నీళ్లు మళ్లీ తగ్గినప్పుడు ఆ మేత పక్షులకు అందుతుంది. నిండడం, తగ్గడం రెండూ ఉంటేనే చెరువు బతుకుతుంది.

ఈ రెండు జలాశయాలను పుట్టించింది వరద. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనలతో మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. తాగునీరు ఒక ప్రయోజనం, వరదను ఆపి పట్టుకోవడం మరొకటి. పట్టుకోవాలంటే నీళ్లు పెరగడానికి జాగా ఉండాలి. శిఖం భూమి అంటే ఆ జాగాయే. జనవరిలో స్టింట్ మేసే నేల, సెప్టెంబరులో వరద నిలిచే నేల ఒక్కటే. దాన్ని నింపి కట్టిన ప్రతి గజం నీటిని ఇంకెవరి ఇంట్లోకో తోస్తుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో రోజుల తరబడి నీళ్లలో ఉన్న కాలనీలు ఏవో గుర్తు చేసుకోండి. వాటిలో చాలావాటి పాత నక్షాలు తీస్తే చెరువులూ నాలాలూ కనబడతాయి.

ఈ జలాశయాల కోసం 1996 మార్చి 8న 111 జీవో వచ్చింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పరిశ్రమలకూ భారీ కట్టడాలకూ అడ్డుకట్ట వేసింది. సుప్రీంకోర్టు కూడా 2000లో ఈ జలాశయాల రక్షణ వైపే నిలబడింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ఆ ఆంక్షలు ఎత్తేశారు. నగరానికి ఇప్పుడు కృష్ణా, గోదావరి నీళ్లొస్తున్నాయి, ఈ రెండు జలాశయాల వాటా చాలా తగ్గిపోయిందన్నది అప్పటి వాదన. తాగునీటి లెక్క వరకు ఆ మాట నిజమే. అయితే జలాశయం విలువను గ్యాలన్లలోనే కొలవడం ఇంజినీరుగా నేను ఒప్పుకోలేను. వరదకు ఇచ్చే జాగా, భూగర్భంలోకి దించే నీరు, చేపకారుల బతుకు, పక్షుల మేత ఏ పైపులైనులోనూ రావు. గోదావరి నుంచి నీళ్లు తెచ్చుకోవచ్చు గానీ ఒడ్డు తెచ్చుకోలేం.

ఉస్మాన్‌సాగర్ నుంచి అమీన్‌పూర్ వెళ్లే దారిలో ఒక కాలనీ చెరువు దగ్గర ఆగాం. పేరెందుకు, ఇలాంటివి నగరం చుట్టూ ఉన్నాయి. నాలుగు వైపులా గ్రానైటు తాపడం చేసి నిలువు గోడ కట్టారు. చుట్టూ రంగు రాళ్ల నడకదారి, రాత్రి పొద్దుపోయేదాకా వెలిగే దీపాలు, మధ్యలో ఫౌంటెన్. కాలనీల మురుగు అందులోకే చేరుతుంది కాబట్టి ఆ చెరువు ఏడాదంతా నిండుగానే ఉంటుంది. ఎండాకాలంలోనూ అడుగు తగ్గదు. నీళ్ల మీద సగం దాకా గుర్రపుడెక్క అల్లుకుంది. రాత్రి వానకు నీళ్లు గోడను ఇంకో నాలుగు వేళ్లు తడిపాయి. దిగే చోటు లేక ఒక తీతువుల జంట పార్కింగ్ స్థలంలో తిరుగుతోంది. గుర్రపుడెక్క మీద రెండు గుడ్డికొంగలు, నీళ్లలో కొన్ని బొల్లికోళ్లు. అంతే. పిల్ల నోట్‌బుక్‌లో రాసుకోవడానికి అక్కడ ఎక్కువేమీ దొరకలేదు.

చెరువుకు అంచు, ఇంటికి అరుగు లాంటిది. బయటివాళ్లు ముందు కాలు పెట్టేది అక్కడే. అరుగు కొట్టేసి వాకిట్లోనే నిలువు గోడ లేపుకుంటే ఆ ఇంటికి ఎవరొస్తారు? ఇది పక్షుల సంగతే అనుకోకండి. పాత చెరువుల్లో పిల్లవాడు కాలు జారితే మోకాలు లోతులో పడతాడు, లేచి వస్తాడు. నిలువు గోడ మీంచి పడ్డవాడికి పట్టుకుని ఎక్కడానికి ఏమీ దొరకదు. బర్రెలు దిగలేవు, చాకలి దిగలేడు, వలకారి దిగలేడు. ఇంత ఖర్చుపెట్టి కట్టిన గోడ చెరువుతో బతికేవాళ్లందరినీ చెరువుకు దూరం చేసింది.

అమీన్‌పూర్ చేరేసరికి మబ్బు విడిచి ఎండ కాసింది. అప్పటిదాకా ముడుచుకుని ఉన్న ఆకాశం ఒక్కసారిగా పక్షులతో నిండింది. నేల వేడెక్కి గాలి పైకి లేవగానే ఎర్రకాళ్ల కొంగలు రెక్క ఆడించకుండా సుడులు తిరుగుతూ పైకి పోయాయి, వాటి పైన రెండు గద్దలు. తామరాకుల మీద పొడవాటి వేళ్లతో జకానాలు నడుస్తున్నాయి. జమ్ము అంచున నీలి బొల్లికోళ్లు. కొన్ని చలికాలాల్లో ఇక్కడ ఫ్లెమింగోలు కూడా దిగుతాయి. అవి కూడా పొడవాటి కాళ్లతో నిలబడి, లోతులేని నీళ్ల అడుగును వడగట్టుకుని తినేవే. 2016లో ఈ చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది. దేశంలో ఒక నీటివనరుకు ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. ఇప్పుడు గట్టు మీద నిలబడి ఏ దిక్కు చూసినా కొంగల వెనక అపార్టుమెంట్లు కనబడతాయి. వాటిలో ఉండేవాళ్ల మీద నాకు కోపం లేదు. పక్షులున్న చెరువు పక్కన ఉండాలని కోరుకున్నవాళ్లే వారిలో ఎక్కువమంది. ఆ చెరువు చెరువుగా మిగలాలంటే తమ వైపు ఒడ్డు ఎలా ఉండాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. గుర్తింపు బోర్డు ఒక్కటే ఆ పని చేయలేదు.

అక్కడి నుంచి పటాన్‌చెరు, కంది మీదుగా సంగారెడ్డి దాటి కల్పగూర్ దగ్గర మంజీరా ఒడ్డుకు చేరేసరికి మూడు దాటింది. మళ్లీ మబ్బు, ఈసారి చలిగాలితో. మంజీరా అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. హైదరాబాద్‌కు తాగునీరు పంపే జలాశయమే ఇక్కడ మొసళ్లకూ పక్షులకూ ఇల్లు. మధ్యలో ఊరివాళ్లు గడ్డలు అని పిలిచే దీవులు. గాలి పెరిగేకొద్దీ బాతులన్నీ నడి నీళ్లు వదిలి గాలి తగలని ఒడ్డు చాటుకు చేరాయి. ఒడ్డు అక్కరకొచ్చే మరో సందర్భం ఇది. గడ్డలూ గడ్డీ లేని చోట అలల మీద కొట్టుకుంటూ ఒంట్లో ఉన్న కొవ్వంతా కరిగించుకోవాల్సిందే. తిరుగు ప్రయాణానికి వాటికి మిగిలే ఇంధనం ఆ కొవ్వే.

ఒక గడ్డ చాటున, గాలికి ఎదురుగా తలలు పెట్టి, బార్ హెడెడ్ గూస్‌ల గుంపు. బూడిదరంగు ఒళ్లు, తెల్లని తల వెనక రెండు నల్లని అడ్డపట్టీలు. ఇవి గుడ్లు పెట్టేది మంగోలియా, టిబెట్, లద్దాఖ్ చెరువుల్లో. హిమాలయాలు దాటి మన దగ్గరికి వస్తాయి. శాటిలైట్ ట్రాన్స్‌మిటర్లు కట్టి చూసినప్పుడు ఒక పక్షి 7 వేల మీటర్లకు పైన ఎగిరినట్టు తేలింది. మనిషి ఆక్సిజన్ సిలిండర్ కోసం వెతుక్కునే ఎత్తు అది. ఆ పలచని గాలిలోంచి ప్రాణవాయువును గట్టిగా పట్టుకునే గుణం వాటి రక్తంలోనే ఉంది. అంత ఎత్తు దాటి వచ్చినవి ఇక్కడ కోరేది చాలా తక్కువ. పగలు కాళ్లు తడిసే నీళ్లు, పొద్దుగూకాక మేయడానికి పక్కన పచ్చిక. పిల్ల చాలాసేపు స్కోప్ వదల్లేదు. “తాతా, వీటికి ఇక్కడికి దారి ఎవరు చెప్తారు?” అని అడిగింది. పెద్దవాటి వెంట వచ్చి చిన్నవి నేర్చుకుంటాయన్నాను. అందుకే ఒక చెరువు పాడైతే ఆ ఏటి పక్షులతో పాటు తరాలుగా వస్తున్న దారీ తెగుతుంది.

1931-32లో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. అప్పటికి ఉస్మాన్‌సాగర్ వయసు పదకొండేళ్లు, హిమాయత్‌సాగర్‌ది నాలుగేళ్లు. మనుషులు కట్టిన నీళ్లే కొద్ది కాలంలో పక్షులకు సొంతమయ్యాయన్నది ఈ నేలకున్న గొప్ప విషయం. దక్కన్ పీఠభూమిలో సహజమైన సరస్సులు దాదాపు లేవు. మన చిత్తడి నేలలంటే కాకతీయులు, కుతుబ్‌షాహీలు, ఆసఫ్‌జాహీలు, ఊరి పెద్దలు కట్టించిన చెరువులే.

చట్టం మాత్రం వాటి వైపు చూడడం లేదు. 2017 నాటి చిత్తడి నేలల సంరక్షణ నిబంధనలు తాగునీటి కోసం, సాగునీటి కోసం మనుషులు కట్టిన జలవనరులను నిర్వచనంలోంచే తప్పించాయి. అంటే వందల చలికాలాల నుంచి పక్షులు దిగుతున్న కాకతీయుల నాటి చెరువైనా ఆ నిబంధనల కింద చిత్తడి నేల కాదు. అయితే మనసుంటే మార్గముంటుందని పక్క రాష్ట్రం చూపించింది. కర్ణాటకలో గదగ్ జిల్లా మాగడి చెరువు సాగునీటి కోసం కట్టిందే. బార్ హెడెడ్ గూస్‌లు పెద్ద సంఖ్యలో చేరే ఆ చెరువుకు 2024లో చిత్తడి నేలలకిచ్చే అంతర్జాతీయ రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది విజయనగర జిల్లాలోని అంకసముద్రం అనే ఊరి చెరువుకూ వచ్చింది. మాగడికి వచ్చే బాతూ మంజీరాకు వచ్చే బాతూ ఒక్క జాతిదే. తమిళనాడులో వేదాంతంగళ్ ఊరి చెరువును రైతులు తరతరాలుగా కాపాడుకుంటున్నారు. కొంగల రెట్టలు కలిసిన నీరు పొలానికి బలమని వాళ్లకు తెలుసు. మన గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువులో ఇళ్ల మధ్యనే గూడబాతులు గూళ్లు కడుతున్నాయంటే ఆ ఊరివాళ్లు వాటి జోలికి పోకపోవడం వల్లే.

అభ్యంతరాలు నాకు తెలుసు. బురద ఒడ్డు వదిలేస్తే దోమలొస్తాయంటారు. దోమ పెరిగేది కదలని మురుగులో, గుర్రపుడెక్క కింద. చిన్న చేపలూ తూనీగలూ ఉన్న తేట నీటి అంచున దోమ లార్వాను తినేవాళ్లు చాలామంది ఉంటారు. జనానికి నడవడానికి చోటు వద్దా అంటారు. తప్పకుండా కావాలి. కట్ట ఉన్నది అందుకే. కట్ట మీద నడవండి, శిఖం వైపు వదిలేయండి. ఒడ్డు వదిలేస్తే కబ్జా అవుతుంది, గోడ కడితేనే చెరువు దక్కుతుందంటారు కొందరు. ఈ మాటలో బలముంది. అయితే గోడ కట్టేది ఎక్కడ? పూర్తి నీటిమట్టం హద్దు మీద కంచె వేస్తే కబ్జా ఆగుతుంది. నీళ్లు తగ్గినప్పటి గీత మీద గోడ కడితే, ఆ గోడకూ అసలు హద్దుకూ మధ్య ఉన్న నేలను మనమే కబ్జాదారుకు అప్పగించినట్టు.

అందుకే ఈ నాలుగు పనులు వెంటనే జరగాలి. మొదటిది, ప్రతి చెరువు పూర్తి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దునూ తుది నోటిఫికేషన్ దాకా తీసుకెళ్లి రాళ్లు పాతాలి. ప్రాథమిక నోటిఫికేషన్ దగ్గరే ఆగిన చెరువులు ఎన్నో ఉన్నాయి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్ల బఫర్ ఉండాలని నిర్మాణ నిబంధనలు చెబుతున్నాయి. ఆ నక్షా పంచాయతీ ఆఫీసు గోడ మీద, వార్డు ఆఫీసు గోడ మీద అందరికీ కనబడేలా ఉండాలి. 2024లో చెరువుల కబ్జాలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చాక కూల్చివేతలు చూస్తున్నాం. ఇల్లు కట్టుకున్న తర్వాత కూల్చడం కన్నా ప్లాటు కొనకముందే హద్దు చూపించడం న్యాయం. అప్పు చేసి కొన్న చిన్న ఉద్యోగికి ఆపాటి రక్షణ ప్రభుత్వం బాకీ ఉంది.

రెండోది, ఎఫ్‌టీఎల్ లోపల నిలువు గోడ, రాతి తాపడం, సిమెంటు దారి, రాత్రి దీపాలు ఏవీ ఉండకూడదు. మూడోది, చెరువులోకి మురుగు ఆపి, చలికాలంలో నీళ్లు తగ్గనివ్వాలి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పూడికతీతకు ఊపు తెచ్చింది. ఆ పని ఇకముందు జరిగినప్పుడు కట్ట దగ్గర లోతు తీయండి, శిఖం అంచున వాలు చెడగొట్టకండి. మట్టి కోసం ఒడ్డున నిలువు గుంతలు తవ్వితే అవి పక్షికి పనికిరావు, ఈతకు దిగిన పిల్లల ప్రాణాలు తీస్తాయి. నాలుగోది, ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. ఉత్సాహవంతులు ఎండనకా చలనకా లెక్కలు రాస్తున్నారు. ఆ లెక్కలు ఇంజినీరు బల్ల మీదికి రావాలి. సుందరీకరణ అంచనా తయారయ్యే ముందు ఆ చెరువుకు ఏ పక్షులు, ఏ నీటిమట్టం దగ్గర, ఎన్ని వస్తున్నాయో చూడాలి. పక్షులు ఎక్కువ చేరే చెరువులను 2002 నాటి జీవవైవిధ్య చట్టం 37వ సెక్షన్ కింద వారసత్వ స్థలాలుగా ప్రకటించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. అమీన్‌పూర్‌కు చేసిన పనిని అక్కడితో ఆపనక్కర్లేదు.

నా తోటి ఇంజినీర్లకు ఒక విన్నపం. మనం గీసే డ్రాయింగుల్లో పూర్తి నీటిమట్టం ఒక్కటే గీతగా ఉంటుంది. దాని కింద ఇంకో గీత గీయండి, జనవరి నీటిమట్టం. ఆ రెండు గీతల మధ్య నేల మీద ఏ కట్టడమూ పెట్టకండి. అంచనా విలువ కూడా తగ్గుతుంది.

చదువుతున్న మీకూ ఒక పని ఉంది. మీ కాలనీ చెరువుకో మీ ఊరి చెరువుకో సుందరీకరణ మంజూరైందని తెలిసిన రోజు, శంకుస్థాపన దాకా ఆగకుండా, వార్డు సభలోనో గ్రామసభలోనో లేచి డ్రాయింగు చూపించమనండి. కట్టకు అడ్డంగా కోసి చూపించే సెక్షన్ ఒకటి అందులో ఉంటుంది. ఒడ్డు దగ్గర గీత వాలుగా ఉందా, నిలువుగా ఉందా చూడండి. అది చూడడానికి ఇంజినీరింగ్ చదవనక్కర్లేదు, మా మనవరాలు చూసి చెప్పగలదు. నిలువుగా ఉంటే అభ్యంతరం రాయించి, రసీదు తీసుకోండి.